పట్టీల బొంత
(మహిళా సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగం)



బొంత కుట్టడం మీకు మేము కొత్తగా నేర్పనక్కరలేదు. ముందే కోసి ఉంచుకున్న పట్టీలతో కుట్టే పద్ధతి ఒకటి అమెరికాలో వాడుకలో ఉంది. అది చెబుతాము.

2½ అంగుళాల వెడల్పు, 40 అంగుళాల పొడవు గల నూలు పట్టీలు 40 కావాలి. మొదటి పట్టీలో సగం తీసివేయండి. లేకుంటే అతుకులన్నీ ఒకేచోట పడతాయి. అన్నింటినీ కొసకు కొస కలిపి ఒకే పొడవాటి పట్టీగా కుట్టండి. మంచివైపు లోపలికి వచ్చేలా సగానికి మడిచి, మెలిక పడకుండా చూసి, ఒక అంచు వెంట పావు అంగుళం వదలి కుట్టి, మడత దగ్గర కత్తిరించండి. ఇలా 5 సార్లు చేస్తే 32 వరుసలు. వెడల్పు 64 అంగుళాలు, పొడవు 49కి కాస్త తక్కువ. మొదటి కుట్టే విసుగు, 20 గజాలు దాటుతుంది! తరువాతవి సగం సగం తగ్గుతాయి. ఆపైన మన పద్ధతే: కింద పాత చీరలు పరచి అంతటా చేతికుట్టు.

గుడ్డ దగ్గరే జాగ్రత్త పడాలి. దర్జీ ఇచ్చిన కొత్త ముక్కలను ముందే ఉతకండి. ఎర్ర రంగు దిగితే మిగతా పట్టీలూ పాడవుతాయి. ఏటవాలుగా కోసినవి సాగుతాయి. జీర్ణించిన చీర ముక్కను కొత్త గుడ్డ పక్కన వేస్తే అక్కడే చిరుగుతుంది, పడిన శ్రమంతా వృథా. అటువంటి మెత్తని చీరలు లోపొరకే మేలు. పసిబిడ్డకు హాయి కూడా.

పాలు పోయడానికి వచ్చినప్పుడు రంగు ముక్కలు ఒకరికొకరు మార్చుకోండి. 40 పోగైనవారు వచ్చే సమావేశానికి తీసుకురండి, మొదటి కుట్టు కలిసి వేద్దాం.