ఆటల చదువుకూ ఒక స్కాలర్‌షిప్
(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఉర్దూలో మాట్లాడితే బాగుంటుందని ఇందాక ఒకరిద్దరు అన్నారు. జిల్లాల నుంచి వచ్చిన దాతలు చాలామంది ఉన్నారు, అందుకే తెలుగులోనే మాట్లాడతాను. నాంపల్లి వాళ్లకు నా తెలుగు అర్థం కాకపోతే భోజనాల దగ్గర మళ్లీ చెబుతాను.

ముందు ఒక తప్పు ఒప్పుకోవాలి. కొన్నేళ్ల కిందట మన స్కాలర్‌షిప్ కమిటీ ముందుకు ఒక కుర్రాడి దరఖాస్తు వచ్చింది. తండ్రి నాంపల్లి స్టేషన్ దగ్గర ఆటో నడుపుతాడు. కుర్రాడు డిగ్రీ పాసయ్యాడు, యూనివర్సిటీ తరఫున ఫుట్‌బాల్ ఆడాడు. బి.పి.ఇడి.లో సీటు వచ్చింది, ఫీజుకు సాయం కావాలన్నాడు. కమిటీలో ఒక పెద్దాయన, "పిల్లలతో ఆటలాడించడానికి డిగ్రీ ఎందుకు?" అన్నారు. అందరూ నవ్వారు. ఆ డబ్బు ఒక ఇంజినీరింగ్ విద్యార్థికి వెళ్లింది. నేను ముప్ఫై ఏళ్లు పీఈటీగా పనిచేసినవాణ్ణి. ఆ రోజు ఆ గదిలో జవాబు చెప్పగలిగింది నేనొక్కణ్ణే. చెప్పలేదు. ఆ జవాబు ఈ రోజు చెబుతాను.

సయ్యద్ అబ్దుల్ రహీమ్ సాబ్ పేరు మీకందరికీ తెలుసు. ఈ మధ్య సినిమా కూడా వచ్చింది. 1951లో ఢిల్లీలో, 1962లో జకార్తాలో ఆసియా క్రీడల బంగారు పతకాలు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, అన్నీ ఆయన శిక్షణలోనే. కానీ ఆయన వృత్తి ఏమిటి? బడిపంతులు. ఉస్మానియాలో బి.ఎ. చదివి, కాచిగూడ మిడిల్ స్కూల్‌లో, ఉర్దూ షరీఫ్ స్కూల్‌లో పాఠాలు చెప్పారు. ఫిజికల్ ఎడ్యుకేషన్‌లో డిప్లొమా చేశాక దారుల్ ఉలూమ్, చాదర్‌ఘాట్ హైస్కూళ్లలో ఆటల బాధ్యత తీసుకున్నారు. ఆడటం వచ్చినా ఆయన చదువుకున్నారు.

ఆయన పద్ధతులు చూడండి. కుర్రవాళ్లకు డ్రిబ్లింగ్ లేని టోర్నమెంట్లు పెట్టేవారు, బంతి అందగానే పాస్ ఇవ్వాల్సిందే. బలహీనమైన కాలితోనే ఆడే పోటీలు పెట్టేవారు. పిల్లవాడికి రానిదేమిటో కనిపెట్టి, దాన్ని నేర్పేలా ఆటనే మార్చడం. దీన్నే మేం బోధన అంటాం.

ఇక కోర్సులో ఏముంటుంది? శరీర నిర్మాణం, శరీరధర్మ శాస్త్రం, కదలికల శాస్త్రం, గాయాలకు ప్రథమ చికిత్స, పిల్లల సామర్థ్యాన్ని కొలిచే పరీక్షలు, అంపైరింగ్, పోటీల నిర్వహణ, బడిలో బోధనాభ్యాసం. రెండేళ్లు. ప్రవేశానికి పీఈసెట్‌లో పరుగెత్తి, షాట్‌పుట్ విసిరి, దూకి చూపించాలి, తన ఆటలో నైపుణ్యమూ చూపించాలి. ఇంటర్ తర్వాతైతే డి.పి.ఇడి. ఉంది. కోచ్ కావాలనుకుంటే పటియాలాలో ఎన్.ఐ.ఎస్. డిప్లొమా. నాంపల్లి నుంచి డోమల్‌గూడలోని ప్రభుత్వ వ్యాయామ కళాశాల ఎంత దూరం? సిటీ బస్సులో వెళ్లి రావచ్చు.

ఈ చదువు ఎందుకు పనికొస్తుందో ఒక్క ఉదాహరణ. మే నెల ఎండలో క్యాంపు. పరుగెత్తుతున్న పిల్లవాడు తడబడ్డాడు, ఒళ్లు కాలిపోతోంది, మాట పొంతన లేదు. చదువుకోని కోచ్ "నాటకాలాడకు, ఇంకో రౌండ్ కొట్టు" అంటాడు. చదువుకున్నవాడు వెంటనే నీడకు చేర్చి, నీళ్లతో ఒళ్లు తడిపి చల్లబరుస్తూ అంబులెన్స్‌కు ఫోన్ చేస్తాడు. ఆ తేడా ఒక ప్రాణం.

అమ్మాయిల సంగతి మరీ ముఖ్యం. మన వీధుల్లో చాలా స్కూళ్లు అద్దె మేడల్లో నడుస్తాయి. గ్రౌండ్ లేదు, గేమ్స్ పీరియడ్ లెక్కల పీరియడ్ అయిపోతుంది. గ్రౌండ్ ఉన్నచోట కూడా మేడమ్ లేకపోతే అమ్మాయిలను బయటికి పంపరు. తల్లిదండ్రులను నేను తప్పుపట్టను, మనం మేడమ్‌ను తయారు చేయలేదు. నిజామాబాద్ బిడ్డ నిఖత్ జరీన్ 2022లో, 2023లో ప్రపంచ ఛాంపియన్ అయింది. ఆమె తండ్రి స్వయంగా ఆటగాడు, మైదానానికి తనే తీసుకెళ్లాడు. ఆటగాడు కాని తండ్రి కూతురికి ఆ తలుపు తీసేది ఎవరు? స్కూల్లో టీచరే.

ఆబిడ్స్‌లో మన పక్కనే ఫతే మైదాన్, ఇప్పటి లాల్ బహదూర్ స్టేడియం. అజహరుద్దీన్ చదివిన ఆల్ సెయింట్స్ స్కూలూ ఇక్కడే. ఆటకు పేరున్న చోటే కూర్చుని ఆటల చదువును చూసి నవ్వుకున్నాం.

నిజం దాచను. ఉద్యోగాలు తేలిక కాదు. గురుకులాల్లో, ప్రభుత్వ బడుల్లో పోస్టులున్నాయి కానీ నోటిఫికేషన్ కోసం ఏళ్లు ఎదురుచూడాలి. ప్రైవేటు స్కూల్లో జీతం తక్కువ. ఇంజినీరింగ్ చదివి ఖాళీగా ఉన్నవాళ్లూ మన గల్లీల్లో తక్కువ లేరు, ఆ మాట ఏ కమిటీలోనూ ఎవరూ ఎత్తరు.

జకాత్ సొమ్ము ఎవరికి, ఎలా ఇవ్వాలో ఉలమాలు చెప్పాలి, నేను కాదు. నేనడిగేది సాధారణ విద్యానిధి సంగతి. ఇస్తే రెండేళ్లకూ ఇవ్వండి. మొదటి ఏడాది ఫీజు కట్టి వదిలేస్తే రెండో ఏడాది పిల్లవాడు కాలేజీ మానేస్తాడు. ఫీజుతో పాటు బూట్లకు, బస్సుకు, పాలూ గుడ్లకూ కొంత కలపండి. మనకు కనిపించని ఖర్చు అదే. కాలేజీకి ఎన్.సి.టి.ఇ. గుర్తింపు ఉందో లేదో మనమే చూడాలి. హాజరు లేకుండా సర్టిఫికెట్ ఇచ్చే చోటికి ఒక్క రూపాయి వెళ్లకూడదు.

ఆ ఆటో డ్రైవర్ కొడుకు ఇప్పుడు ఆబిడ్స్ జగదీశ్ మార్కెట్‌లో ఫోన్లు రిపేరు చేస్తున్నాడు. కష్టపడే పిల్లాడు, ఇల్లు నడుపుతున్నాడు. కిందటి నెల నా ఫోన్ గాజు పగిలితే అతని దగ్గరికే వెళ్లాను. గుర్తుపట్టి, "సలాం సార్, ఆదివారం పిల్లలను ఆడిస్తున్నాను, ఎప్పుడైనా వచ్చి చూడండి" అన్నాడు. డబ్బులు తీసుకోలేదు. వెళ్లి చూశాను. ఇరవై మంది పిల్లలు, ఒక్క బంతి.

ఈ ఏడు బి.పి.ఇడి. కోసం మూడు దరఖాస్తులు వచ్చాయి. అందులో ఒకటి అమ్మాయిది. వచ్చే నెల కమిటీ సమావేశంలో అవి చదువుతారు. ఈసారి నేను మాట్లాడతాను. దాతల్లో ఎవరైనా ఆ రోజు వచ్చి నా పక్కన కూర్చుంటే సంతోషం.