టోపీ వెనుక కథ



ఎవరైనా మోసం చేస్తే "టోపీ పెట్టాడమ్మా" అంటాం. ఇష్టంలేని టోపీ నెత్తిన పెట్టబోతే మనుషులు ప్రాణాలకు తెగించిన సంగతి ఒకటుంది. ఈ పూట అది మనవి చేస్తాను.

ఈస్టిండియా కంపెనీవారి మద్రాసు సైన్యంలో మన తెలుగువాళ్లు చాలామంది ఉండేవారు. ఉత్తరాదిన సిపాయికి 'తిలంగా' అని పేరు వచ్చింది మనవాళ్ల మూలంగానే. ఆ సిపాయిలు ఒంటికి దొరల ఎర్రకోటు తొడిగినా, తలకు మాత్రం తమ పాగానే చుట్టుకునేవారు. 1805 నవంబరులో ఆ పాగా మార్చమని ఉత్తర్వు వచ్చింది. కొత్తది చూడబోతే దొరల హ్యాటు మాదిరి. పైగా దానికో తోలు అలంకారం! ఆవు తోలో, పంది తోలో ఎవరికెరుక? కవాతుకు వచ్చేటప్పుడు నుదుట బొట్టు, నామం ఉండరాదు, చెవిపోగులు తీసెయ్యాలి, గడ్డం గీయించుకోవాలి అని కూడా అన్నారు.

జనం దొరల్ని 'టోపీవాలాలు' అనే రోజులవి. మమ్మల్నీ వాళ్లలో కలిపేసుకుంటారేమోనని సిపాయిలకు గుబులు పుట్టింది. 1806 మే నెలలో వేలూరు కోటలో కొందరు కొత్త పాగా పెట్టుకోమని మొండికేశారు. ఒక హిందువుకు, ఒక ముస్లిముకు చెరి 900 కొరడా దెబ్బలు శిక్ష వేశారు. రెండు నెలలైనా తిరక్కుండానే, జులై 10 తెల్లవారుజామున, కోట భగ్గుమంది. ఆర్కాటు నుంచి గుర్రపుదండు వచ్చి ఆ తిరుగుబాటును అణిచేసింది. వందలాది సిపాయిలు నేలకొరిగారు. 1857కు అప్పటికింకా 51 ఏళ్లుంది!

అదే నెలలో హైదరాబాదులోని కంపెనీ సేనలోనూ ఇదే అలజడి రేగింది. అక్కడి సేనాని ఆ ఉత్తర్వు రద్దు చేశాడు. గొడవ చల్లారింది. మాట వెనక్కు తీసుకుంటే పోయేదేమీ లేదని తేలింది కదా! మద్రాసు గవర్నరు బెంటింకును, సేనాధిపతి క్రాడక్‌ను పైవాళ్లు తిరిగి పిలిపించుకున్నారు.

మన సిద్దిపేట నైజాం ఏలుబడిలో ఉన్న రోజుల్లో షేర్వాణీ మీద ఎర్ర రూమీ టోపీ ఉద్యోగస్తుల దర్జా. నల్లకుచ్చు ఉంటుంది, అంచు ఉండదు. నమాజులో నుదురు నేలకు ఆనడానికి అంచు అడ్డం కాకూడదు మరి. అదీ మొదట సిపాయి టోపీయే. 1820ల్లో టర్కీ సుల్తాను రెండవ మహమూద్ తలపాగాలు తీయించి, కొత్త నాగరికత అంటూ తన సైన్యానికి పెట్టించాడు. నూరేళ్లయేసరికి, 1925లో, అది పాతకాలపు గుర్తు అంటూ ముస్తఫా కెమాల్ నిషేధించాడు. పెట్టమన్నదీ ప్రభుత్వమే, తీయమన్నదీ ప్రభుత్వమే!

నేటి మన సైన్యంలో సిక్కు సిపాయి తలపాగాతోనే కవాతు చేస్తాడు. గూర్ఖా సిపాయి తన వెడల్పు హ్యాటును ఓ పక్కకు వంచి పెట్టుకుంటాడు. అందువల్ల క్రమశిక్షణకేమీ లోటు రాలేదు. ఎన్.సి.సి.లో చేరిన మన ఆడపిల్లలు బెరె టోపీ సర్దుకుని అద్దంలో చూసుకుంటుంటే ఎంత ముచ్చటగా ఉంటుందో మీకు తెలుసు. అది వాళ్లు కోరి పెట్టుకున్నది.

ఇంటికి వచ్చిన కోడలి కట్టూ బొట్టూ విషయంలోనైనా, ఎదిగిన పిల్లల దుస్తుల విషయంలోనైనా మనమూ అప్పుడప్పుడు ఉత్తర్వులు జారీ చేస్తుంటాం. చెప్పే ముందు ఒక్కమాట, వేలూరును తలుచుకోండి. నచ్చజెబితే తలకెక్కుతుంది. బలవంతపెడితే తల ఎదురు తిరుగుతుంది.