మనుషులు మెకాలవుతారా?



ఈ రోజు నేను ఎత్తుకున్న విషయం వింటే మీలో కొందరికి నవ్వు రావచ్చు. పప్పుల ధరల గురించో, పిల్లల పరీక్షల గురించో చెప్పక, మనుషులు జంతువులుగా మారే కథలు చెబుతుందేమిటీమె అనుకుంటారేమో! కానీ పిల్లలున్న తల్లులంతా ఎప్పుడో ఒకప్పుడు ఈ ప్రశ్న విన్నవారే. పున్నమినాడు మనిషి తోడేలైపోయే బొమ్మ టీవీలోనో, ఫోనులోనో చూస్తారు. ఒక జాతి జాతంతా పులులుగా, ఎలుగుబంట్లుగా మారిపోయే కథ చూస్తారు. చూసి, రాత్రి మన పక్కలో చేరి, "అమ్మా, నిజంగ గసుంటి మనుషులుంటరా?" అని అడుగుతారు. "ఉండరు, పండుకో" అనేస్తే మన పని తీరిపోతుంది. అయితే అది సగం జవాబే. మిగతా సగం ఏమిటో ఇవాళ మనం కలిసి ఆలోచిద్దాం.

అసలు ఒకటి మరొకటిగా మారడం మన నిర్మల్ వాళ్ళకు కొత్తేం కాదు కదండీ! అడవిలో నిలబడ్డ పొనికి చెట్టు మన నకాషీ కళాకారుల చేతుల్లో పడి జింకవుతుంది, నెమలవుతుంది, ఏనుగవుతుంది. కర్రే మారగా లేనిది మనిషి మారడా అని పసివాడికి తోచడంలో వింతేముంది?

మన పురాణాల నిండా కూడా ఇటువంటి కథలే. కోరిన రూపం ధరించే వాళ్ళను కామరూపులు అన్నారు. మారీచుడు బంగారు లేడి అయ్యాడు. భారతంలో కిందముడనే ముని లేడి రూపంలో ఉండగా, అది నిజమైన లేడే అనుకుని పాండురాజు బాణం వేశాడు. ఈ ఇద్దరినీ గమనించండి. ఆ రూపం ఎవరో బలవంతంగా తొడిగింది కాదు. మంచికో చెడుకో తమంతట తాము వేసుకున్నారు. ఈ మాటను కాస్త గుర్తుంచుకోండి, దీనితో మళ్ళీ పని ఉంది.

ఇక మన అడవుల వైపు వద్దాం. దీపావళి రోజుల్లో ఉట్నూరు, జైనూరు వైపు వెళ్ళిన వాళ్ళు గోండుల దండారి చూసే ఉంటారు. గుమేల మోగుతుంది, డప్పు మోగుతుంది. గుస్సాడీలు వస్తారు. తల మీద వందలాది నెమలి ఈకలతో కట్టిన పెద్ద టోపీ, దానికి కొమ్ములు, ఒంటి నిండా బూడిద, భుజాన తోలు, చేతిలో కర్ర, కాళ్ళకు గజ్జెలు. దూరం నుంచి చూస్తే మనిషో, పక్షో, మెకమో చెప్పలేం. పిల్లలు దడుచుకుంటారు, దడుచుకుంటూనే వెంటబడతారు. గోండులు దీన్ని వేషమని అనుకోరు, దీక్షగా పాటిస్తారు. దీక్ష నడిచినన్నాళ్ళూ గుస్సాడీ స్నానం చెయ్యడు. అతని మీదికి దేవుడు వచ్చి ఉన్నాడని నమ్మి జనం మొక్కుతారు. గోదావరి ఒడ్డున గుడిరేవులో పద్మల్‌పురి కాకో గుడి ఉంది. కాకో అంటే అమ్మమ్మ. దండారి బృందాలు ఆ అమ్మమ్మ దగ్గరికి వెళ్ళి మొక్కులు చెల్లించుకుంటాయి.

పండుగ దాటాక కోలబోడి అనే పూజ చేస్తారు. దానితో దీక్ష ముగుస్తుంది. నెమలి టోపీ దిగుతుంది, బూడిద కడిగేస్తారు. నిన్నటిదాకా దేవుడై తిరిగినవాడు మరునాడు నాగలి పట్టుకుని పత్తిచేనుకు పోతాడు. ఆ రూపానికి మొదలుంది, చివర ఉంది. ఎప్పుడు ధరించాలో, ఎప్పుడు దించాలో ఊరందరికీ తెలుసు. మార్లవాయి గ్రామానికి చెందిన కనకరాజు గారు ఈ నృత్యాన్ని 1981లో ఢిల్లీ గణతంత్ర దినోత్సవం దాకా తీసుకుపోయారు. ఎంతోమంది పిల్లలకు నేర్పారు. 2021లో పద్మశ్రీ పురస్కారం ఆయనను వెతుక్కుంటూ వచ్చింది. 2024 అక్టోబరులో ఆయన కన్నుమూశారు.

పీర్ల పండుగలో పులివేషం కట్టేవాళ్ళున్నారు. హనుమంతుడై మన వాకిట్లోకి వచ్చే పగటివేషగాళ్ళున్నారు. ఒంటి మీది పసుపు, నలుపు చారలు కడిగేసుకుంటే పులి వెళ్ళిపోయి మన వీధి పిల్లవాడు మిగులుతాడు. ఇందులో భయం ఉంది, భక్తి ఉంది, నవ్వు ఉంది. ఎవరికీ అపకారం మాత్రం లేదు.

అయితే, అక్కయ్యలూ, ఇంకో రకం మార్పు ఉంది. అది మనిషి తనంతట తాను వేసుకునే రూపం కాదు, ఇతరులు ఆ మనిషికి తొడిగే రూపం. బాలనాగమ్మ కథ మనందరికీ తెలిసిందే. బుర్రకథల్లో విన్నాం. 1942లో జెమినీ వారు తీసిన సినిమాలో కాంచనమాల గారు బాలనాగమ్మ పాత్ర వేశారు. మాయల మరాఠీ ఆమెను ఎలా ఎత్తుకుపోయాడు? కుక్కగా మార్చి వెంట తీసుకుపోయాడు. ఆ రూపం ఆమె కోరింది కాదు. మంత్రం వాడిది, రూపం ఈమెది. మొన్నటిదాకా రాణి అయినామె వీధిలో వెళ్తుంటే గుర్తుపట్టే నాథుడు లేడు. చిన్నప్పుడు మాయల మరాఠీని తలుచుకుని భయపడ్డాం. ఇప్పుడు ఆలోచిస్తే నన్ను ఎక్కువ భయపెట్టేది ఆ కుక్క రూపమే. నోరుండీ నేను ఫలానా అని చెప్పుకోలేని స్థితి అది!

కథల్లో మాయావి ఒక్కడే ఉంటాడు. బయట ఆ పని ఊరంతా కలిసి చేస్తుంది. 1909లో మద్రాసులో అచ్చయిన ఎడ్గర్ థర్‌స్టన్ గారి కులాలు, తెగల గ్రంథంలో కోందుల గురించి ఒక సంగతి ఉంది. మనిషి ప్రాణంలో సగం బయటికి వెళ్ళి పులో, పామో అవుతుందని, అడవిలో ఆ పులిని చంపితే ఇంట్లో ఉన్న మనిషి కూడా చచ్చిపోతాడని వాళ్ళలో నమ్మకం ఉండేదట. జంతువుకు తగిలిన దెబ్బ మనిషికి తగులుతుందన్న మాట. ఇది ఒక్క కొండజాతుల నమ్మకమే అనుకుంటే పొరపాటు. నాగరికులమని చెప్పుకునే ఐరోపా వాళ్ళు ఇంతకన్నా ఘోరం చేశారు. 1589లో జర్మనీలో కొలోన్ నగరం దగ్గర బెడ్‌బర్గ్‌లో పీటర్ స్టంప్ అనే రైతును తోడేలుగా మారి మనుషుల్ని చంపాడని విచారించారు. చిత్రహింసకు జడిసి అతను ఒప్పుకున్నాడు. ఘోరంగా చంపారు. అతనితో పాటు కన్నకూతురినీ, అతనితో ఉంటున్న స్త్రీనీ కూడా చంపారు. మరి 1603లో ఫ్రాన్సులో బోర్డో న్యాయస్థానం ముందుకు జాన్ గ్రెనియే అనే కుర్రవాడు వచ్చాడు. నేను తోడేలునవుతానని వాడే చెప్పాడు. న్యాయమూర్తులు తొందరపడలేదు. వీడు బుద్ధి ఎదగని, దిక్కులేని పిల్లవాడని గ్రహించి, చంపకుండా ఒక మఠంలో ఉంచమన్నారు. ఇద్దరి మీదా నింద ఒక్కటే. మధ్యలో పద్నాలుగేళ్ళు గడిచాయి. ఒకచోట జనం తోడేలును చూశారు, మరొకచోట న్యాయమూర్తులు మనిషిని చూశారు. తేడా అంతే.

ఇంత దూరం వెళ్ళనక్కర్లేదు. మా వీధిలోనే జరిగిన సంగతి చెబుతాను. పేర్లు మనకొద్దు. ఒక ముసలవ్వ ఉండేది. భర్త పోయాడు, పిల్లలు లేరు. తిన్న గిన్నెలో కాస్త పాలన్నం మిగిల్చి పిల్లులకు పెట్టేది. పక్కింట్లో చంటిదానికి జ్వరం వచ్చింది. తగ్గినట్టే తగ్గి మళ్ళీ వణుకుతో వచ్చేది. ఒక రాత్రి కిటికీలో నల్లపిల్లి కనబడితే ఆ ఇంటాయన కట్టె విసిరాడు. పిల్లి కుంటుకుంటూ పారిపోయింది. తెల్లారి అవ్వ బిందె పట్టుకుని కుంటుకుంటూ నల్లా దగ్గరికి వచ్చింది. ఇంకేముంది! "గదో, చూసిండ్రా? రాత్రి తాకిన దెబ్బ!" అని ఒకామె గుసగుసలాడింది. బిందెలు పక్కకు జరిగాయి, కొంగులు పిల్లల మీద కప్పుకున్నాయి. అవ్వకు ఏమీ అర్థం కాలేదు.

మా అత్తమ్మ చదువుకున్న మనిషి కాదు. సంతకం చెయ్యడం కూడా రాదు. అక్కడే బిందె దించి గట్టిగా అడిగింది. "నిన్న పొద్దుమీకి సాన్పు జల్లిన నా వాకిట్లనే గామె జారిపడ్డది. నా కండ్లతోటి చూసిన. పిల్లికి తాకిన కట్టె గామె కాలుకెట్ల తాకుతదే? పిల్లకు జరమొస్తే దవఖానకు తోల్కపోవుడు ఇడిసిపెట్టి ముసల్దాని మీద పడ్తరా?" అన్నది. అని ఊరుకోలేదు. నేరుగా అవ్వ ఇంటికి వెళ్ళి అందరికీ కనబడేలా అరుగు మీద కూర్చుని, అవ్వ చేతి చాయ్ తాగింది. చంటిదాన్ని దవాఖానకు తీసుకెళ్తే రక్తపరీక్షలో మలేరియా అని తేలింది. మందులు వాడితే తగ్గింది.

కథ సుఖంగా ముగిసిందనుకుంటున్నారా? చంటిదాని జ్వరం పోయింది గాని అవ్వ మీద పడ్డ పేరు పోలేదు. బోనాలనాడు ఆమె ఎదురైతే దారి మార్చిన వాళ్ళున్నారు. రెండేళ్ళ తరువాత అవ్వ కాలం చేసిన రోజు, పాడె ఇంకా కదలకముందే, వెనక ఎవరో "పిల్లి పోయింది" అన్నారు. గుస్సాడీకి కోలబోడి ఉంది. ఆ అవ్వకు లేకపోయింది. తాను వేసుకున్న రూపాన్ని మనిషి విప్పుకోగలడు. పదిమంది కలిసి తొడిగిన రూపాన్ని ఒక్కతీ ఎలా విప్పుకుంటుంది? అది విప్పవలసింది తొడిగిన వాళ్ళే.

మరొకటి చూడండి. ఊరి పెద్దమనిషి భార్య పిల్లి అయిందని ఎవరైనా అనగా ఎన్నడైనా విన్నామా? నలుగురు కొడుకులున్న తల్లి గబ్బిలమైందని విన్నామా? ఈ రూపాలు ఎప్పుడూ దిక్కులేని వాళ్ళను వెతుక్కుంటూ వెళ్తాయి. ఒంటరి ముసలమ్మ, ఇంత భూమి ఉండి అండ లేని వితంతువు, ఎవరితోనూ ఎక్కువగా మాట్లాడని కోడలు, వీళ్ళకే తగులుకుంటాయి. మెకాలకు ఇంత లోకజ్ఞానం ఎక్కడిది? అది మనుషులదే.

కొన్నిసార్లు జబ్బును కూడా మార్పు అనుకుంటాం. పిచ్చికుక్క కరిచిన వాడు కుక్కలా మొరుగుతాడని మన పెద్దవాళ్ళు చెప్పేవారు. ఆ జబ్బులో గొంతు కండరాలు బిగుసుకుపోతాయి, నీళ్ళు మింగుడుపడవు, శ్వాస ఎగబడి గొంతు మారిపోతుంది. వినేవాళ్ళకు అది మొరిగినట్టు తోస్తుంది. మనిషి కుక్క కాలేదు, చెప్పుకోలేని బాధ పడుతున్నాడు. 1885లో లూయీ పాశ్చర్ తొమ్మిదేళ్ళ జోసెఫ్ మైస్టర్‌కు టీకా వేయించి బతికించిన నాటి నుంచి దీనికి దారి దొరికింది. కుక్క కరిచినా, గీరినా, పుండును వెంటనే సబ్బుతో పదిహేను నిమిషాల పాటు ధారగా పారే నీళ్ళలో కడగండి. పసుపూ కారం అద్దకండి, మంత్రం వేయించడానికి తిరగకండి. అదే రోజు దవాఖానకు తీసుకెళ్ళి టీకా వేయించండి. జబ్బు బయటపడ్డాక మందు పనిచెయ్యడం చాలా అరుదు.

చట్టం కూడా ఈ సంగతి గుర్తించింది. మంత్రగత్తె అని ఆడవాళ్ళను వేధించడాన్ని అడ్డుకునే చట్టం బీహారులో 1999లో వచ్చింది. మన భైంసా దాటితే తగిలే మహారాష్ట్రలో చేతబడి వంటి దురాచారాలకు విరుద్ధంగా 2013లో చట్టం చేశారు. దాని కోసం ఏళ్ళ తరబడి పాటుపడిన డాక్టర్ నరేంద్ర దాభోల్కర్ గారిని ఆ ఏడాది ఆగస్టులోనే పూణేలో కాల్చి చంపారు. మన దగ్గర కూడా ఎవరినైనా ఆ పేరుతో కొట్టినా, బెదిరించినా, ఊరి నుంచి తరిమినా అది నేరమే. మీ కంటబడితే 112కు గాని, మహిళల సహాయ నంబరు 181కి గాని ఫోను చెయ్యండి. పంచాయితీ పెట్టి తేల్చుకునే విషయం కాదిది.

కాని ఫోను చేసే దాకా ఎందుకు రావాలి? ఇటువంటి మాట ముందుగా పుట్టేది నల్లా దగ్గర, మెట్ల మీద, మిద్దె మీద వడియాలు పెట్టే చోట. అంటే మన మధ్యనే. అక్కడ ఒక్క ఆడమనిషి "నువ్వు చూసినవా?" అని గట్టిగా అడిగితే చాలు, ఆ మాటకు కాళ్ళు విరుగుతాయి. అడిగి ఊరుకోక, ఆ ఇంటికి వెళ్ళి ఒక చాయ్ తాగి వస్తే మరీ మంచిది.

ఇక పిల్లల ప్రశ్నకు మిగతా సగం జవాబు. "మనిషి మెకం కాడు బిడ్డా. కావాలని పులివేషం కట్టుకుని ఆడతడు, చూసి చప్పట్లు కొట్టు. గని వేరే మనిషిని చూపించి, గామె పిల్లి, గాయిన పులి అని ఎవరన్న అంటే మాత్రం నమ్మకు" అని చెప్పండి. మారీచుడి కథ చెప్పండి, బాలనాగమ్మ కథ చెప్పండి. కథ మానిపించవద్దు. కథలో కుక్కైన బాలనాగమ్మ మీద పిల్లలకు జాలి కలిగితే, రేపు వీధిలో ఒక అవ్వను ఎవరైనా పిల్లి అన్నప్పుడు ఆ జాలి పనికివస్తుంది.