తూకం ముల్లు కదలనప్పుడు

(మన సంక్షేమ సంఘం వార్షిక సమావేశంలో ఆరోగ్య ఉపసంఘం పక్షాన చేసిన ప్రసంగ పాఠం)

బిస్మిల్లాహిర్రహ్మానిర్రహీం.



ఈ వేదిక మీద మనం ఏటా పిల్లల చదువుల గురించీ, స్కాలర్‌షిప్పుల గురించీ, పేదింటి ఆడపిల్లల నిఖాల గురించీ మాట్లాడుకుంటాం. ఈసారి ఒంటి బరువు గురించి నాలుగు మాటలు చెప్పమని కమిటీ వారు కోరారు. బరువు ఎందుకు తగ్గాలో మేము చెప్పనక్కర లేదు. చక్కెర జబ్బు, రక్తపోటు, మోకాళ్ళ నొప్పులు లేని ఇల్లు మన మొహల్లాలో వెతికినా దొరకదు. మేము మాట్లాడదలచుకున్నది ఆ తర్వాతి సంగతి. బుద్ధిగా తగ్గుతూ వచ్చిన బరువు ఉన్నట్టుండి ఒకచోట ఆగిపోతుంది చూశారూ, ఆ సంగతి.

మన సభ్యుల ఇళ్ళలోనే ఒక ఖాలా ఉన్నారు. పేరు వద్దు, సంగతి చెప్పడానికి ఆమె ఒప్పుకున్నారు. అరవై దాటాయి. మోకాళ్ళు వంగక నాలుగేళ్ళుగా కుర్చీలో కూర్చునే నమాజు చేస్తున్నారు. వీలుకాని వారికి మన ధర్మం ఆ సౌలభ్యం ఇచ్చింది, అందులో చిన్నతనం ఏమీ లేదు. అయినా నేల మీద నుదురు ఆనించి సజ్దా చేయాలని ఆమె కోరిక. డాక్టరు గారు బరువు తగ్గమన్నారు. ఖాలా నడక మొదలుపెట్టారు, అన్నం తగ్గించారు. 84 కిలోల మనిషి ఐదు నెలల్లో 77కి వచ్చారు. ఇల్లంతా సంతోషం. ఆ తర్వాత ఏడు వారాలు ఆ ముల్లు 77 దగ్గరే నిలబడిపోయింది. "నాకు ఇంతే రాసి పెట్టి ఉంది బేటా, ఇంక నావల్ల కాదు" అని నడక మానేశారు. చాయ్‌లోకి చక్కెర మళ్ళీ వచ్చింది. మూడు నెలలు తిరిగేసరికి 81.

ఆలోచించండి. బరువు ఆగినందువల్ల ఆమెకు నష్టం జరగలేదు. ఆగిందని మానేసినందువల్ల జరిగింది. ఆ ఏడు వారాల్లో మేము కూడా ఆమె దగ్గర కూర్చుని సరిగ్గా చెప్పలేకపోయాం. అప్పుడు ఆమెకు చెప్పవలసిన మాటలే ఇవాళ మీకు చెబుతున్నాం.

అసలు ఎందుకు ఆగుతుంది?

మొదటి రెండు మూడు వారాల్లో బరువు గబగబా తగ్గుతుంది. అందులో చాలా భాగం నీరు. మన కాలేయంలో, కండరాల్లో గ్లైకోజెన్ అనే పిండి నిల్వ ఉంటుంది. అది ఒక గ్రాముంటే దాన్ని అంటిపెట్టుకుని సుమారు మూడు గ్రాముల నీరుంటుంది. తిండి తగ్గగానే ముందు ఆ నిల్వ ఖర్చవుతుంది, నీరూ పోతుంది. ఆ వేగం చూసి మురిసిపోయి, ఇలాగే నెలనెలా తగ్గుతుందనుకుంటాం. అసలు కొవ్వు కరగడం నిదానమైన పని.

రెండో సంగతి. ఇంట్లో పదిమంది ఉన్నప్పుడు వండే బియ్యం వేరు, నలుగురు ఊరెళ్ళాక వండే బియ్యం వేరు. 84 కిలోల ఒంటిని మోయడానికి పట్టే ఖర్చు 77 కిలోల ఒంటికి పట్టదు. మొదట్లో బరువు తగ్గించిన కొలత తిండే కొన్నాళ్ళకు సరిగ్గా సరిపోయే తిండి అవుతుంది. అంటే ఏ తగ్గింపైనా మనల్ని కొంత దూరమే తీసుకెళుతుంది. 2011లో అమెరికాకు చెందిన కెవిన్ హాల్ అనే శాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులు దీనికి ఒక లెక్క కట్టారు. రోజుకు 24 క్యాలరీలు శాశ్వతంగా తగ్గించుకుంటే చివరికి సుమారు ఒక కిలో తగ్గుతుంది. అందులో సగం మొదటి ఏడాదిలో, దాదాపు మిగతాదంతా మూడేళ్ళలోపు. అంటే రోజుకు 250 క్యాలరీలు తగ్గించిన వారు ఏడాదికి సుమారు ఐదు కిలోలు, మొత్తం మీద పది కిలోలు తగ్గుతారు. మనం మాత్రం నెల తిరక్కుండా ఐదు కిలోలు అడుగుతాం.

మరి ఖాలాకు ఐదు నెలలకే ఎందుకు ఆగింది? ఇక్కడే మూడో సంగతి ఉంది, ముఖ్యమైనదీ ఇదే. అదే శాస్త్రజ్ఞుల బృందం 2016లో ఇంకొకటి తేల్చింది. ఒక కిలో తగ్గితే ఒంటి ఖర్చు రోజుకు 20, 30 క్యాలరీలు తగ్గుతుంది, ఆకలి మాత్రం రోజుకు సుమారు 100 క్యాలరీల మేర పెరుగుతుంది. ఏడు కిలోలు తగ్గిన మనిషిని ఎంత ఆకలి లాగుతుందో లెక్క వేసుకోండి. అంచేత మనకు తెలియకుండానే గరిటె కొంచెం నిండుగా పడుతుంది. ఇది ఎవరి తప్పూ కాదు, బలహీనతా కాదు. కరువును తట్టుకోవడానికి అల్లాహ్ మన శరీరాన్ని అలా చేశాడు. ఇంట్లో ఎవరైనా ఇలా ఆగిపోతే "నువ్వు దొంగతనంగా తింటున్నావు" అనకండి. ఆ మాట చాలామంది చేత ప్రయత్నం మాన్పించింది.

దొంగతనం కాదు గానీ లెక్క తప్పడం మాత్రం నిజమే. 1992లో న్యూయార్కు వైద్యులు ఒక పరీక్ష చేశారు. రోజుకు 1,200 క్యాలరీల లోపే తింటున్నాం, అయినా తగ్గడం లేదని చెప్పిన పదిమందిని తీసుకున్నారు. వాళ్ళ ఒంటి ఖర్చులో ఏ లోపమూ కనిపించలేదు. వాళ్ళు తిన్నదాంట్లో సగటున 47 శాతం లెక్కలోకే రాలేదు, చేసిన శ్రమను 51 శాతం ఎక్కువగా చెప్పుకున్నారు. వాళ్ళేమీ అబద్ధాలకోర్లు కారు. మనలాంటి వాళ్ళే.

మన ఇళ్ళలో లెక్కకు రానివి

మన సంగతి చూద్దాం. ఒక పెద్ద చెంచా నూనె అంటే సుమారు 120 క్యాలరీలు. సాలన్ పైన తేలే నూనె, పరాఠా మీద రాసే నెయ్యి, బగారా అన్నంలో పడే డాల్డా ఎవరూ కొలవరు. చాయ్ మూడుసార్లు, సారికి రెండు చెంచాల చక్కెర అంటే రోజుకు ఆరు చెంచాలు, సుమారు 120 క్యాలరీలు. అందులో సగం మానేస్తే, ఇందాకటి లెక్కన చివరికి రెండున్నర కిలోలు. చాయ్‌తో వచ్చే ఉస్మానియా బిస్కెట్లు వేరే. పిల్లల కంచంలో మిగిలింది పారేయకూడదని అమ్మ తినే ముద్దలు వేరే. వండేటప్పుడు ఉప్పు చూసిన చెంచాలు వేరే.

ఇక దావత్‌లు. ఆదివారం వలీమా, బుధవారం అఖీఖా, మధ్యలో ఎవరో హజ్ నుంచి వచ్చారని భోజనం. వారంలో ఐదు రోజులు కూడబెట్టినది రెండు పూటల్లో తీరిపోతుంది. బిర్యానీ తినొద్దని మేము అనడం లేదు. అంటే మీరు వినరు, మేమూ ఆగలేం. ఒక్కసారి వడ్డించుకుని, నిదానంగా తిని, లేచిపోదాం అంటున్నాం. కడుపును మూడు పాళ్ళు చేసి ఒకటి అన్నానికి, ఒకటి నీటికి, ఒకటి ఊపిరికి విడిచిపెట్టమన్న ప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) వారి బోధ మనందరికీ తెలిసిందే. ఇంతకంటే మంచి డైటు చీటీ ఏ ఆస్పత్రిలోనూ రాసివ్వరు.

రంజాన్ సంగతీ చెప్పుకోవాలి. ఉపవాసాల వల్ల చాలామందికి కిలో అటూ ఇటుగా తగ్గుతుంది, పండగ వెళ్ళిన కొన్ని వారాలకు మళ్ళీ వచ్చేస్తుంది. ఇఫ్తార్‌లో సమోసాలు, పకోడీలు, షర్బత్ మీదపడితే అసలే తగ్గదు. ఖర్జూరం, నీళ్ళు, పండ్లతో ఉపవాసం విడిచి, నమాజు చేసుకుని వచ్చి భోజనం చేస్తే ఆ ఆత్రం సగం తీరిపోతుంది. చక్కెర జబ్బుకు మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు మాత్రం రంజాన్‌కు నెలన్నర, రెండు నెలల ముందే డాక్టరు గారిని కలిసి మోతాదులు సరిచేయించుకోవాలి.

ఆగినప్పుడు ఏం చేయాలి?

మొదటిది, నిజంగా ఆగిందో లేదో చూసుకోండి. రోజూ తూచుకుని దిగులుపడవద్దు. ఉప్పు ఎక్కువైనా, మలబద్ధకం ఉన్నా, స్త్రీలకు నెలసరి ముందైనా ఒంట్లో నీరు చేరి కిలో, రెండు కిలోలు తేడా చూపిస్తుంది. వారానికి ఒకరోజు, ఫజర్ తర్వాత, ఏమీ తినకముందు, ఒకే రకం బట్టలతో తూచుకుని రాసుకోండి. నాలుగు వారాలు వరసగా కదలకపోతే అప్పుడు ఆగిందనుకోండి.

రెండవది, దర్జీ టేపు తీసి నడుము కొలవండి. మన దేశస్థులకు మగవారైతే 90 సెంటీమీటర్లు, ఆడవారైతే 80 సెంటీమీటర్లు దాటకుండా ఉండాలని వైద్యులు చెబుతారు. తూకం నిలిచిపోయినా నడుము తగ్గుతున్నదంటే లోపల కొవ్వు కరుగుతున్నట్టే.

మూడవది, ఒక్క వారం పాటు నోట్లోకి పోయినదంతా కాగితం మీద రాయండి. చదువు రాని పెద్దలకు మనవలు రాసిపెట్టాలి. నెలకు ఇంటికి ఎన్ని లీటర్ల నూనె వస్తున్నదో, ఎంతమంది తింటున్నారో చూస్తే సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

నాలుగవది, అన్నం ఇంకా కోసుకుంటూ పోకుండా కంచంలో పాళ్ళు మార్చండి. సగం కూరగాయలు, పావు పప్పో గుడ్డో చేపో చికెనో, మిగిలిన పావు అన్నమో రొట్టో. మాంసకృత్తులు చాలకపోతే కొవ్వుతో పాటు కండ కూడా పోతుంది. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు మాత్రం డాక్టరును అడిగి తినాలి.

ఐదవది, నడకకు కొంత బలం పని చేర్చండి. కుర్చీలోంచి చేతులు ఆనకుండా లేచి కూర్చోవడం, గోడను రెండు చేతులతో నెట్టడం వంటివి పదేసి సార్లు, వారానికి మూడు రోజులు చాలు. ఇంట్లో, పరదాలో చేసుకోవచ్చు.

ఆరవది, ఇవన్నీ సరిగ్గా చేసినా కదలకపోతే డాక్టరు దగ్గరికి వెళ్ళండి. థైరాయిడ్ తక్కువగా ఉండవచ్చు. ఇన్సులిన్, కొన్ని చక్కెర మాత్రలు, స్టెరాయిడ్లు బరువు పెంచుతాయి. అలాగని మీ అంతట మీరు మందు మానేయవద్దు, అడిగి మార్పించుకోండి.

చేయకూడనివి రెండే. ముల్లు కదలలేదని కోపంతో తిండి పూర్తిగా మానవద్దు. నాలుగు రోజులు మాడ్చిన కడుపు ఐదో రోజు వడ్డీతో సహా వసూలు చేస్తుంది. చక్కెర మందులు వేసుకునేవారు అలా మాడితే కళ్ళు తిరిగి పడిపోతారు. పేరూ ఊరూ లేని పొడులు, చూర్ణాలు కొనవద్దు. ఈ మధ్య వచ్చిన సెమాగ్లూటైడ్ వంటి ఇంజెక్షన్లు బాగానే పనిచేస్తున్నాయి, కానీ అవి వాడినా ఒకచోట ఆగుతుంది, మానేస్తే చాలావరకు తిరిగి వస్తుంది. డాక్టరు చేతుల మీదుగా తప్ప వాటి జోలికి పోకండి.

ఆగిన బరువు కూడా లాభమే

ఒక్క మాట గట్టిగా చెప్పదలచుకున్నాం. తగ్గించినదాన్ని నిలబెట్టుకోవడం కూడా సంపాదనే. మోకాళ్ళ నొప్పులున్న వారి మీద అమెరికాలో చేసి 2005లో ప్రకటించిన పరిశోధనలో, ఒక కిలో తగ్గితే ప్రతి అడుగుకూ మోకాలి మీద పడే భారం సుమారు నాలుగు కిలోలు తగ్గిందని తేలింది. మన చెన్నైలో డాక్టర్ ఎ. రామచంద్రన్ గారి బృందం చక్కెర జబ్బు అంచున ఉన్న 531 మందిని మూడేళ్ళు గమనించి 2006లో ఫలితాలు ప్రకటించింది. తిండి, నడక మార్చుకున్న వారిలో జబ్బు వచ్చే ప్రమాదం 28.5 శాతం తగ్గింది. వాళ్ళ బరువు పెద్దగా తగ్గనే లేదు! ముల్లు కదలకపోయినా మేలు జరుగుతూనే ఉందని ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

చివరగా సంఘానికి ఒక మనవి. "ఇంకొంచెం వేసుకోండి భాయ్, నా మీద ఒట్టే" అని బలవంతం చేయడం మన ప్రేమకు గుర్తు. వద్దన్నవారిని ఒక్కసారి అడిగి వదిలేయడం కూడా ప్రేమే అనుకుందాం. మన సంఘం భోజనాల్లో చక్కెర లేని చాయ్ ఒక కెటిల్ పెడదాం, మీఠా చిన్న గిన్నెల్లో ఇద్దాం. ఇషా నమాజు తర్వాత నలుగురు కలిసి నడుద్దాం. ఆడవాళ్ళు పొద్దున్నే జట్టుగా నడవడానికి చోటు చూసే బాధ్యత మేము తీసుకుంటాం.

ఖాలా మళ్ళీ మొదలుపెట్టారు. మనవరాలు కాపీలో రాస్తోంది. నిన్నటికి 78. ఈ నెల మళ్ళీ ఆగింది. "ఆగితే ఆగనీ బేటా, నేను ఆగను" అన్నారు. కుర్చీ ఇంకా ఉంది. కానీ మేడ మెట్లు ఎవరి చేయీ పట్టుకోకుండా ఎక్కుతున్నారు. ఆమె నుదురు నేలను తాకే రోజు కోసం మీరంతా దుఆ చేయండి, మీ ఇంట్లో ఆగిపోయినవారు ఎవరైనా ఉంటే ఇవాళ సాయంత్రమే వాళ్ళ చేయి పట్టుకుని నడకకు తీసుకువెళ్ళండి.

మా మాటల్లో పొరపాట్లుంటే మన్నించండి. అల్లాహ్ మనందరికీ ఆరోగ్యం, ఓపిక ప్రసాదించుగాక. ఆమీన్.

ఖుదా హాఫిజ్.