కుళ్లాయి నుంచి కోటు దాకా: తెలుగునాట మగవారి వేషం

తెలుగునాట మగవాడి ఉడుపు చాలాకాలం అతని ఇష్టానికి సంబంధించిన సంగతి కాదు. పంచె మోకాలు దాటి కిందికి దిగవచ్చా, భుజం మీద కండువా నిలవవచ్చా, కాళ్లకు చెప్పులు ఉండవచ్చా అన్నవి అతను పుట్టిన కులాన్ని బట్టి, ఎదుట ఉన్న మనిషిని బట్టి తేలేవి. అందుకే మగవారి వేషం చరిత్రలో ముందు అడగవలసిన ప్రశ్న ఒకటుంది: ఎవరి ఒంటి మీది బట్టను ఎవరు నిర్ణయించారు?

విజయనగర కొలువు దీనికి మంచి సాక్ష్యం. 15వ శతాబ్దం నాటికి ఆ దర్బారులో అడుగుపెట్టే మగవారు పొడవాటి కబాయి తొడిగి, తలకు కోసుగా లేచిన కుళ్లాయి పెట్టుకునేవారు. రెండూ ముస్లిం రాజ్యాల కొలువుల నుంచి వచ్చినవే. కన్నడ రాయల కొలువుకు వెళ్లడానికి కుళ్లాయి పెట్టుకోవలసి వచ్చిందన్న వాపోత కవి శ్రీనాథుడిదిగా చెప్పుకునే చాటువులో వినిపిస్తుంది. లేపాక్షి గుడి కప్పు మీది 16వ శతాబ్దపు చిత్రాల్లో ఆ గుడి కట్టించిన విరుపణ్ణ, అతని పరివారం అవే టోపీలతో కనిపిస్తారు. తిరుమలలో ఇద్దరు రాణుల నడుమ చేతులు జోడించి నిలిచిన కృష్ణదేవరాయల విగ్రహానికి తల మీద కుళ్లాయి ఉంది, ఛాతీ మీద మాత్రం బట్ట లేదు. దేవుడి ముందు ఒళ్లు పాత సంప్రదాయాన్నే పాటించింది, తల మాత్రం రాచరికాన్ని చాటింది. దీన్ని పరాయి అనుకరణ అని కొట్టిపారేయడం తప్పు. నాటి పెద్ద ప్రపంచంలో తామూ సాటి ప్రభువులమని చెప్పుకోవడానికి ఆ పాలకులు ఎంచుకున్న వేషం అది. తర్వాతి కాలంలో నిజాం హైదరాబాదులో షేర్వానీ కూడా హిందువు, ముస్లిం అన్న తేడా లేకుండా ఉద్యోగులకూ వకీళ్లకూ పెద్దమనిషి తరహా అయింది.

ఈ వెసులుబాటు కొలువు గడప దాటి ఊళ్లోకి రాలేదు. దొర ఎదురైతే దళితుడు చెప్పులు విడిచి చేత పట్టుకోవలసి వచ్చేది, భుజం మీది తువ్వాలు తీసి చంకలోనో నడుముకో పెట్టుకోవలసి వచ్చేది. మనుస్మృతి పదో అధ్యాయం చండాలులకు శవాల మీది బట్టలనే వస్త్రాలుగా విధించింది. ఇలాంటివాటిని ఆచారమని పిలవడం అన్యాయం. అవి ఒంటి మీద అమలైన శిక్షలు.

ఇంగ్లీషు చదువులు వచ్చాక పంచె మీదికి కోటు చేరింది, తలపాగా నిలిచింది. సర్వేపల్లి రాధాకృష్ణన్ 1936లో ఆక్స్‌ఫర్డులో ఆచార్యుడైనా, 1962లో రాష్ట్రపతి అయినా తెల్ల తలపాగా, పొడవాటి కోటు వదల్లేదు.

1921 సెప్టెంబరు 22న మదురైలో గాంధీ చొక్కా, టోపీ విడిచి కొల్లాయికి మారారు. ఖద్దరు రాజకీయ ప్రకటన అయింది. శ్రీకాకుళం ప్రాంతపు పొందూరులో వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వి వడికే సన్న నూలుకు దేశమంతటా పేరొచ్చింది. కానీ పేదరికాన్ని కోరి ధరించే అవకాశం అంతకు ముందు మంచి బట్ట కట్టుకునే హక్కు ఉన్నవారికే ఉంటుంది. 1931లో లండన్‌లో జరిగిన రెండో రౌండ్ టేబుల్ సమావేశంలో గాంధీ కొల్లాయితో, అంబేడ్కర్ సూటుతో కూర్చున్నారు. ఒకరు ఉన్నదాన్ని వదులుకున్నారు, మరొకరు తమవారికి నిరాకరించినదాన్ని తీసుకున్నారు. రెండూ నిజాయితీ గల నిర్ణయాలే. అయినా తెలుగు పల్లెల్లో ఎక్కువ మందికి ధైర్యమిచ్చింది రెండోదే. ఊరి మొగలో చేత పుస్తకం పట్టుకున్న నీలి సూటు విగ్రహమే ఇందుకు రుజువు. 2023లో హైదరాబాదులో, 2024లో విజయవాడలో నిలబెట్టిన 125 అడుగుల విగ్రహాలకూ ఆ సూటే.

స్వాతంత్ర్యం తర్వాత వేషం ఓటర్లతో మాట్లాడే సాధనమైంది. ఎన్.టి. రామారావు 1982లో పార్టీ పెట్టి, ఖాకీ బట్టల్లో చైతన్యరథం మీద ఊరూరా తిరిగారు. ముఖ్యమంత్రి అయ్యాక కాషాయం కట్టారు. 2003లో పాదయాత్ర చేసిన వై.ఎస్. రాజశేఖరరెడ్డి తెల్ల పంచెకట్టు రైతు బిడ్డ గుర్తుగా జనంలో నాటుకుంది. ప్రజాగాయకుడు గద్దర్ దారి వేరు. గోచి, భుజాన గొంగడి, కాళ్లకు గజ్జెలతో ఆయన వేదిక ఎక్కినప్పుడు, దొరల కాలంలో చిన్నచూపుకు గురైన కూలి వేషమే వేలమంది ఎదుట గర్వంగా నిలబడింది. పైకి గాంధీ కొల్లాయిలా కనిపించినా దాని మూలం వేరు. అది త్యాగంతో తెచ్చుకున్నది కాదు, పుట్టుకతో వచ్చినది.

నేడు జీన్స్, టీషర్టు అన్ని ఇళ్లలోనూ ఉన్నాయి. అయినా దేశంలో కొన్నిచోట్ల దళిత యువకుడి మీసమూ చలువ కళ్లద్దాలూ ఇంకా దాడులకు కారణమవుతున్నాయి. 2017లో గుజరాత్‌లోని లింబోదరా గ్రామంలో మీసం పెంచినందుకు దళిత యువకులు దెబ్బలు తిన్నారని వార్త వచ్చాక, వందలాది మంది తమ వాట్సాప్ ఖాతాలకు మీసం బొమ్మ పెట్టుకున్నారు. కొందరు దాని కింద ఒక కిరీటాన్నీ, ‘మిస్టర్ దళిత్’ అన్న పేరునూ చేర్చారు.