ఓడ మీద పెద్దల పూల్, మా ఊరి బావి

 

ఈ రోజు టాపిక్ వింటే మీరు నవ్వుతారు. క్రూయిజ్ షిప్పుల్లో 'పెద్దలకు మాత్రమే' అని బోర్డు పెట్టిన స్విమ్మింగ్ పూల్స్ ఉంటాయి. వాటిలోకి పిల్లల్ని రానివ్వాలా, వద్దా? ఎండాకాలం వస్తే ట్యాంకర్ కోసం బిందెలు లైన్లో పెట్టే వీధిలో పెరిగినోడు, కర్నూల్లో కూర్చుని దీని గురించి మాట్లాడ్డమేంది అని మీరు అనుకోవచ్చు. నేను కూడా అదే అనుకున్నా. ముందే చెప్పేస్తున్నా, నేను క్రూయిజ్ ఎక్కలేదు. చిన్నప్పుడు తుంగభద్రలో పుట్టి ఎక్కినా, అంతే. అదీ భయపడుతూ.

మరెందుకంటే, మూడు వారాల కింద డల్లాస్ నుంచి మా అక్క ఫోన్ చేసింది. అక్క అంటే మా పెద్దమ్మ కూతురు. పెద్దమ్మ కూడా ఆరు నెలల వీసా మీద అక్కడే ఉంది ఇప్పుడు. అందరూ కలిసి గాల్వెస్టన్ పోయినారు. డల్లాస్ నుంచి కారులో ఐదు గంటలు. అక్కడ ఓడ ఎక్కి ఐదు రోజులు సముద్రం మీద తిరిగొచ్చినారు. మన తెలుగోళ్లకు టెక్సాస్‌లో ఇప్పుడు ఇది మామూలైపోయింది. ఇంతకుముందు అమ్మానాన్నలు వస్తే నయాగరా చూపించేవాళ్లు, ఇప్పుడు క్రూయిజ్ కూడా ఆ లిస్టులో చేరింది.

అక్క ఫుల్ కోపంలో ఉంది. ఏమైందంటే, వాళ్ల పిల్లోడికి పన్నెండేళ్లు. మూడో రోజు వాడు పెద్దల పూల్లోకి దిగినాడు. సిబ్బందిలో ఒకాయన వచ్చి, మర్యాదగానే, 'నువ్వు ఇక్కడ ఉండకూడదు, బయటికి రా' అన్నాడు. వాడు తడి బట్టలతో అందరి ముందూ నడుచుకుంటూ పోవాల్సి వచ్చింది. బావ పోయి గొడవ పెట్టుకున్నాడు. 'వీడికి కూడా టికెట్ తీసుకున్నాం కదా, ఆ పూల్లో నలుగురు కూడా లేరు కదా' అని. అక్కకు అంతకంటే ఎక్కువ మండింది ఎక్కడంటే, ముందు రోజు అదే చోట ఇంకో పిల్లోడు, పదేళ్లు కూడా ఉండవంట, హాట్ టబ్‌లో అరగంట కూర్చున్నాడు. వాడిని ఎవరూ ఏమీ అనలేదు. 'మన రంగు చూసే అన్నారేమో రా' అంది అక్క. ఆ మాట అన్నాక కొంచెంసేపు ఇద్దరం మాట్లాడలేదు.

ఓడ పేరు, కంపెనీ పేరు నేను చెప్పను. ఒకవైపు మాటే విన్నా కాబట్టి.

నేను ఉద్యోగం మానేసినా ఇంజనీర్ బుద్ధి పోలేదు. ఏదైనా గొడవ అంటే ముందు రూల్ ఏంది అని డాక్యుమెంటేషన్ చదువుతా. చదివినా. రాయల్ కరీబియన్ ఓడల్లో సొలారియం అని ఒకటి ఉంటుంది, అది 16 ఏళ్లు దాటినోళ్లకు. కార్నివాల్‌లో సెరెనిటీ, అది 21. డిస్నీ ఓడల్లో, డిస్నీ అంటేనే పిల్లలు కదా, అక్కడ కూడా క్వయెట్ కోవ్ అని 18 దాటినోళ్లకు ఒక పూల్ పెట్టినారు. ఇంకొంచెం ముందుకు పోతే, ఓడ మొత్తం పెద్దలకే. వర్జిన్ వోయేజెస్‌లో 18 లోపు వాళ్లను ఎక్కనివ్వరు. బ్రిటన్‌లో పి అండ్ ఓ వాళ్ల ఆర్కేడియా, అరోరా ఓడలు కూడా అంతే. అంటే ఇది ఒక ఓడలో ఒకాయన ఆ రోజు మూడ్ బాగాలేక పెట్టిన రూల్ కాదు. టికెట్ అమ్మేటప్పుడే దీన్ని కూడా కలిపి అమ్ముతున్నారు. పిల్లల గోల లేని రెండు గంటల కోసం డబ్బు కట్టినోళ్లు అక్కడ ఉన్నారు. వాళ్లు నలుగురే ఉన్నా, ఆ నలుగురు కొనుక్కుంది ఆ ఖాళీనే.

ఇది మనకు ఎందుకు ఎక్కదు అంటే, మన దగ్గర పెద్దలకు మాత్రమే అనే చోటు లేదు. ఆలోచించండి. పెళ్లిలో తలంబ్రాల టైంలో పీటల మీద పిల్లోళ్లు ఉంటారు. సెకండ్ షో సినిమాలో పసిపిల్లోడు ఏడుస్తుంటాడు, ఎవరూ ఏమీ అనరు, పక్క సీటామె ఎత్తుకుని ఆడిస్తుంది. పంచాయితీ జరుగుతుంటే రచ్చబండ కింద గోలీలాడుతుంటారు. 'పిల్లోళ్లు కదా, పోనీలే' అనేది మనకు రాజ్యాంగం లాంటిది. నాకు అది ఇష్టమే, అబద్ధం చెప్పను. బెంగుళూరులో ఒక అపార్ట్‌మెంట్లో ఉన్నప్పుడు, పిల్లలు ఆడితే కంప్లైంట్ రాసే అంకుల్స్‌ను చూసినా. అట్లాంటి ఊరు నాకు వద్దు.

కానీ నీళ్ల దగ్గర మాత్రం మన పెద్దోళ్లు పోనీలే అనలేదు. అది గుర్తు చేసింది మా పెద్దమ్మ.

అక్క ఫోన్లో నేను ఒకటే ప్రశ్న అడిగినా. 'అక్కా, వాడు ఆ పూల్లోకి పోయినప్పుడు వాడి దగ్గర ఎవరున్నారు?' అని. అమ్మ ఉంది అంది. మాట మార్చింది. మరుసటి రోజు పెద్దమ్మే వాట్సాప్ కాల్ చేసింది, అక్క డ్యూటీకి పోయినాక. అసలు కథ అప్పుడు తెలిసింది.

బావ ఏదో షో చూడ్డానికి పోయినాడు. అక్క రూంలో పడుకుంది. పిల్లల పూల్ దగ్గర పెద్దమ్మ కుర్చీలో కూర్చుని పిల్లోడిని చూసుకుంటోంది. ఓడ ఎక్కిన రోజు నుంచి ఆమె డ్యూటీ అదే. వాడు 'అవ్వా, బాత్రూంకు పోయొస్తా' అని చెప్పి పోయినాడు. రాలేదు. ఆమెకు 63 ఏళ్లు. ఇంగ్లీషు రాదు. ఓడలో ఆమె ఫోన్ పనిచేయదు. ఇరవై నిమిషాలు ఆ డెక్ మీద ఈ చివర నుంచి ఆ చివర దాకా తిరిగింది. నేను, 'పెద్దమ్మా, భయమేసిందా' అంటే ఆమె అన్న మాట నాకింకా చెవుల్లోనే ఉంది. 'బావిలో పడినాడంటే దూకేదాన్ని రా. నాకు ఈత వస్తాది. యాడ పడినాడని దూకాల? సుట్టూరా అంతా నీళ్లే కదరా.'

పిల్లోడు పెద్దల పూల్లో హాయిగా ఉన్నాడు ఆ ఇరవై నిమిషాలు. సిబ్బంది వాడిని బయటికి పంపించినాడు కాబట్టే వాడు ఆమె కంటపడినాడు. అక్క నాకు చెప్పిన కథలో ఈ భాగం లేదు.

పెద్దమ్మకు ఈత ఎట్లా వచ్చింది? బావిలో. మా వైపు వాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. నడుముకు తాడు కట్టి, వీపుకు ఎండిన సొరకాయ బుర్ర కట్టి, దిగుడు మెట్ల మీద నుంచి నెట్టేవాళ్లు. తాడు రెండో చివర చిన్నాయనో, మామో పట్టుకుని ఉంటాడు. ఆ బావికి ఒకటే రూల్. పెద్ద మనిషి లేకుండా పిల్లోడు దిగకూడదు. ఏ బోర్డూ లేదు, ఏ వయసూ రాయలేదు. ఎవరి పిల్లోడైనా సరే, ఒంటరిగా బావి గట్టు మీద కనపడితే, దారిన పోయే మనిషి చెవి పట్టుకుని ఇంటికి తెచ్చి అప్పజెప్పేవాడు. ఆ ఇంటోళ్లు 'మా పిల్లోడి మీద చెయ్యెందుకు వేసినావు' అని గొడవకు పోయేవాళ్లు కాదు. మజ్జిగ ఇచ్చేవాళ్లు.

తర్వాత బోర్లు వచ్చినాయి, బావులు ఎండిపోయినాయి. బావులతో పాటు తాడు పట్టుకునే చిన్నాయనలు కూడా పోయినారు. నా ఏజ్ వాళ్లను అడగండి, కర్నూలు, కడప టౌన్లలో పెరిగినోళ్లను. పదిమందిలో ఎంతమందికి ఈత వచ్చో మీరే లెక్కేయండి. నాకు రాదు. 2009 అక్టోబర్ 2న తుంగభద్ర కర్నూల్లోకి వచ్చినప్పుడు నాకు పన్నెండేళ్లు, ఇప్పుడు అక్క కొడుకుకు ఎంతో అంత. కింది ఇల్లంతా మునిగింది, మేడ మీద రెండు రోజులున్నాం. ఆ తర్వాత మా అమ్మ నీళ్లనే మాటే ఎత్తనివ్వలేదు. ఈత నేర్పిస్తే నీళ్ల దగ్గరికి పోతాడని ఆమె భయం. పోయేవాళ్లు ఎట్లాగూ పోతారు. నా క్లాసులో ఒక పిల్లోడు పోయినాడు, తొమ్మిదో తరగతి ఎండాకాలం సెలవుల్లో, కేసీ కాలువకు. పేరు చెప్పను. నలుగురు పోయినారు, ముగ్గురు వచ్చినారు. స్కూల్ తెరిచినాక అటెండెన్స్‌లో వాడి నంబర్ వచ్చినప్పుడు సార్ కాసేపు ఆగి, తర్వాతి నంబర్ పిలిచినాడు.

చిన్న పక్కదారి. ఈ కేసీ కాలువ, 1860లలో మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ అనే ప్రైవేటు కంపెనీ తవ్వించింది. 300 కిలోమీటర్లకు పైనే పొడవు. సాగుకు మాత్రమే కాదు, పడవలు నడపాలని కూడా ప్లాన్. లాభం రాలేదు, 1882లో ప్రభుత్వం కొనేసింది. అంటే మన కర్నూలు నుంచి కడపకు ఒకప్పుడు 'క్రూయిజ్' ఆలోచన ఉందన్నమాట. సరే, మళ్లీ టాపిక్‌కు వద్దాం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఏటా దాదాపు 3 లక్షల మంది నీట మునిగి చనిపోతున్నారు. అందులో దాదాపు నాలుగో వంతు ఐదేళ్ల లోపు పిల్లలు. సినిమాల్లో చూపించినట్టు చేతులు ఊపుతూ కేకలు వేస్తారనుకుంటాం. వేయరు. ఊపిరికే టైం లేనప్పుడు కేక ఎక్కడి నుంచి వస్తుంది? పది అడుగుల దూరంలో కూర్చుని ఫోన్ చూసుకునే వాళ్లకు ఏ శబ్దమూ వినపడదు. ఓడ మీద పూల్ చిన్నది, జనం ఎక్కువ, ఓడ ఊగితే పూల్లో నీళ్లు కూడా ఊగుతాయి. లైఫ్‌గార్డులు అన్ని ఓడల్లో ఉండరు. రాయల్ కరీబియన్ లాంటి పెద్ద కంపెనీ కూడా అన్ని ఓడల్లో పెడతామని చెప్పింది 2017లోనే. అందుకని ఓడ ఎక్కేముందు అడగాల్సిన మొదటి ప్రశ్న బఫేలో వెజ్ ఉందా అని కాదు, పిల్లల పూల్ దగ్గర లైఫ్‌గార్డ్ ఉన్నాడా అని.

హాట్ టబ్ సంగతి వేరే. దాని నీళ్లు 40 డిగ్రీల దాకా వేడిగా ఉంటాయి. చిన్న ఒళ్లు తొందరగా వేడెక్కుతుంది. ఐదేళ్ల లోపు పిల్లల్ని అసలు దింపొద్దని అమెరికా సీడీసీ చెప్తుంది. డైపర్ వేసుకునే పిల్లల్ని మామూలు పూల్స్‌లో కూడా ఎందుకు రానివ్వరంటే, అది పెద్దోళ్ల సోకు కోసం కాదు. క్రిప్టోస్పోరిడియం అని ఒక పరాన్నజీవి ఉంది, విరేచనాలు పట్టుకుంటాయి, క్లోరిన్ సరిగ్గా వేసిన నీళ్లలో కూడా అది వారం దాటి బతుకుతుంది. సీడీసీ వాళ్లు ఓడలను తనిఖీ చేసి నూటికి మార్కులు వేస్తారు, 85 గానీ అంతకంటే తక్కువ గానీ వస్తే ఫెయిల్. మన బీటెక్‌లో ఆ కటాఫ్ పెట్టి ఉంటే నేను ఇంకా బ్యాక్‌లాగ్స్ రాస్తుండేవాణ్ని.

ఇప్పుడు అక్క మాటకు వస్తా. రంగు చూసి చేశారా? ఆ ఒక్క మనిషి మనసులో ఏముందో నేను చెప్పలేను. కానీ ఒకటి మాత్రం కచ్చితంగా ఓడ వాళ్ల తప్పే. నిన్న పదేళ్ల పిల్లోడిని వదిలేసి, ఈ రోజు పన్నెండేళ్ల పిల్లోడిని లేపితే, లేపించుకున్న వాడికి ఆ అనుమానం రాక ఏం వస్తుంది? రూల్ రోజూ అమలైతే అది రూల్. ఒక రోజు అమలై ఒక రోజు కాకపోతే, దొరికినోడు తన ముఖంలో ఏముందా అని వెతుక్కుంటాడు. పైగా వాడికి పన్నెండేళ్లు, ఇట్లాంటివి మనసులో గట్టిగా పడిపోయే వయసు. అక్కను ఓడ కంపెనీకి మెయిల్ రాయమన్నా. మా వాణ్ని ఎందుకు లేపారని కాదు, ముందు రోజు ఆ పిల్లోణ్ని హాట్ టబ్‌లోంచి ఎందుకు లేపలేదని. రాసింది. జవాబు ఇంకా రాలేదు.

బావ అన్న 'టికెట్ తీసుకున్నాం కదా' మాత్రం నేను ఒప్పుకోను. బావా, నువ్వు ఈ వీడియో చూస్తావని తెలుసు. టికెట్‌తో పిల్లోడికి వాటర్ స్లైడ్ వచ్చింది, కిడ్స్ క్లబ్ వచ్చింది, ఐస్‌క్రీం మెషీన్ వచ్చింది. పెద్దమ్మకు ఏం వచ్చింది? కాపలా వచ్చింది.

చివరి రోజు అక్కకే తప్పు అనిపించినట్టుంది. పిల్లోడి దగ్గర తను కూర్చుని, పెద్దమ్మను ఆ పెద్దల పూల్ దగ్గరికి పంపించింది. చీర కట్టుకునే పోయింది, కాళ్లు నీళ్లలో పెట్టి రెండు గంటలు కూర్చుంది. ఎట్లుంది పెద్దమ్మా అని అడిగినా. 'ఏముంది రా, నీళ్లు' అంది. కొంచెం ఆగి, 'అంతసేపు నన్ను అవ్వా అని, అమ్మా అని ఒక్కరూ పిలవలేదు. నాకు పెండ్లయినాక అట్లా కూసున్నది అదే' అంది. నవ్వుతూనే అంది. నేనే ఏం మాట్లాడాలో తెలీక, తిన్నావా అని అడిగినా.

మన దగ్గర కూడా ఇప్పుడు ఓడలు వస్తున్నాయి. కార్డేలియా వాళ్ల ఎంప్రెస్ 2022 జూన్‌లో చెన్నై నుంచి విశాఖకు వచ్చింది. అది 1990లో రాయల్ కరీబియన్ కోసం కట్టిన పాత ఓడ, పేరు మార్చుకుని మన సముద్రంలో తిరుగుతోంది. మీలో ఎవరైనా పోతే, పిల్లలతో పోతే, అమ్మమ్మనో నాయనమ్మనో తీసుకుపోతే, పూల్ దగ్గర వంతులు ఎక్కక ముందే మాట్లాడుకోండి. ఏ గంట ఎవరిది, అని. వంతు ఉన్నవాళ్లు ఫోన్ రూంలో పెట్టి రావాల. పిల్లోడికి, నువ్వు ఇక్కడి నుంచి కదిలితే ఎవరికి చెప్పి కదలాలో ముందే చెప్పండి. బాత్రూంకైనా సరే.

అక్క కొడుకు నాతో కూడా మాట్లాడినాడు. 'మామా, నీకు స్విమ్మింగ్ రాదంట కదా, అవ్వకు వచ్చంట కదా' అని ఒకటే నవ్వు. సోమవారం నుంచి పొద్దున్నే ఆరింటికి ఈత క్లాసుకు పోతున్నా. బ్యాచ్‌లో మిగతా అందరూ ఎనిమిదేళ్ల వాళ్లే. పెద్దల బ్యాచ్ లేదంట, అడిగినా.

సరే, ఉంటా మరి.