మోటర్‌హోమ్‌కు గ్యాప్ బీమా అవసరమా?

బ్రిటన్‌లో మోటర్‌హోమ్, అంటే పడకలు, వంటగది ఉన్న బండి కొనబోతే డీలరు గ్యాప్ బీమా కూడా తీసుకోమనవచ్చు. బండి దొంగల పాలైనా, బాగుచేయలేనంతగా దెబ్బతిన్నా మామూలు బీమా సాధారణంగా ఆనాటి మార్కెట్ విలువే ఇస్తుంది. 60,000 పౌండ్ల బండికి 48,000 వచ్చాయనుకోండి. తక్కిన 12,000 భర్తీ చేయడానికే గ్యాప్ బీమా.

ఇది ఎవరికి పనికొస్తుంది? ముందు కొద్దిగా కట్టి, మిగతాదంతా ఏళ్ల తరబడి అప్పు పెట్టుకున్నవాళ్లకు. బండి పోయినా వాయిదాలు పోవు కదా! సొంత డబ్బుతో పాత బండి కొన్నవాళ్లకు మాత్రం నేను వద్దనే చెబుతాను.

ముందు మీ అసలు పాలసీ చదవండి. మొదటి ఏడాదిలోనో రెండేళ్లలోనో బండి పోతే కొత్తదే ఇచ్చే పాలసీలున్నాయి. ఆ కాలానికి గ్యాప్ బీమా దండగ. పైగా మోటర్‌హోమ్ విలువ మామూలుగా కారంత వేగంగా పడిపోదు. గ్యాప్ పాలసీ మోటర్‌హోమ్‌కు వర్తిస్తుందా, గరిష్ఠంగా ఎంత ఇస్తుంది అన్నవీ చూడాలి.

2024లో ఆర్థిక నియంత్రణ సంస్థ ఎఫ్‌సీఏ ఒక లెక్క చెప్పింది. గ్యాప్ బీమాకు జనం కట్టిన ప్రీమియంలో క్లెయిముల రూపంలో తిరిగొచ్చింది 6 శాతమే. నూటికి ఆరు పౌండ్లు! ఆ సంస్థ ఒత్తిడితో పలు కంపెనీలు కొంతకాలం అమ్మకాలే ఆపేశాయి.

డీలరు వివరాలిచ్చిన రోజే ఈ బీమా అమ్మకూడదని 2015 నుంచి నిబంధన ఉంది. ఆలోచించుకోవడానికి అలా దొరికే వ్యవధిని వదులుకోకండి, బయటి కంపెనీల ధరలు కూడా కనుక్కోండి.